గృహస్థుని వేగరథము

మనుష్యుడు వస్తువును కొనునపుడు రెండు లెక్కలు వేయును. ఒకటి యింటివారికిని ఇరుగుపొరుగువారికిని చెప్పుకొను లెక్క. రెండవది తన మనస్సులో తాను వేసికొను లెక్క. బియ్యము, ఉప్పు, మందులు, బడిపుస్తకములు మొదలగువాని విషయమున ఈ రెండు లెక్కలకును భేదముండదు. పట్టుచీరయందును చేతిగడియారమునందును ఆ భేదము లీలగా కనబడును. మన కాలమున మధ్యతరగతి గృహస్థుల వాకిళ్ళలోనికి వచ్చి నిలిచిన యొక వస్తువునందు మాత్రమది మిక్కిలి స్ఫుటముగా గోచరించుచున్నది. అది అందుబాటు ధరకు దొరకు స్పోర్ట్సు కారు. దానిని కొనువాడు చెప్పు కారణమొకటి. కొనుటకు కారణము వేఱొకటి. ఆ వేఱైన కారణమేది? అది దోషమా, గుణమా? గుణమైనచో దానికి హద్దెక్కడ? అని విచారించుట యీ వ్యాసమునకుద్దేశము. విషయము చిన్నదని పాఠకులు త్రోసిపుచ్చరని నమ్మెదను. పెద్ద ధర్మసందేహములు మన యిండ్లలోనికి చిన్న వస్తువుల రూపముననే ప్రవేశించును.

ఈ విచారమునకు హైదరాబాదులోని తార్నాక తగిన తావు. అది నాలుగు దారుల కూడలి. ఒక దారి మెట్టుగూడ మీదుగా సికింద్రాబాదునకును, ఒకటి హబ్సిగూడ మీదుగా ఉప్పలునకును, ఒకటి లాలాపేటకును, ఒకటి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకును పోవును. ఒకప్పుడిచట తీగల కంచెయు, దానికొక నాకాయు నుండుటచే నీ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుకొందురు. 2017 నవంబరునుండి తలమీదుగా మెట్రో రైలు నడచుచున్నది. క్రింద ఆర్టీసీ బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్ళు. రసాయన పరిశోధన సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ, ఆర్టీసీ ఆసుపత్రి, విశ్వవిద్యాలయము ఈ చుట్టుపట్లనే యుండుటచేత ఆచార్యులును, శాస్త్రజ్ఞులును, ఉద్యోగులును, దూరముననున్న కంప్యూటరు కంపెనీలకు పోయివచ్చు యువకులును ఇచట కలసి నివసించుచున్నారు. సాయంకాలమీ కూడలియందు నిలిచిన వానికి, బండిని బండి యంటుకొని కదలుచుండగా నడుమ నొక చిన్న కారు కానవచ్చును. ముక్కుమీద రెండు చారలు. కొంచెము లోతైన యింజను ధ్వని. తక్కిన కారులకంటె వేఱైన దానినని అది చెప్పకయే చెప్పుచుండును. కాని దాని వేగమును తక్కిన వాని వేగమును అప్పుడొక్కటియే. ముందున్న ఆటో కదలిననే యదియు కదలును.

స్పోర్ట్సు కారనగా నేమి? పందెములలో పరుగెత్తు కారని సామాన్యులభిప్రాయము. కాని పందెపు కారులు కోట్ల విలువచేయును. గృహస్థు వానిని చూచి సంతోషింపవలసినదే. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేనుసాగరు తీరమున విద్యుచ్ఛక్తితో నడచు కారుల ఫార్ములా-ఈ పందెము జరిగినపుడు నగరవాసులు చేసిన పని యదియే. అందుబాటు స్పోర్ట్సు కారు వేఱొక జాతి. దాని లక్షణము అమితవేగము గాదు, లాఘవము. బరువు తక్కువగా నుండుట, స్టీరింగు త్రిప్పిన తోడనే తిరుగుట, కాలు మోపిన తోడనే యింజను పలుకుట దాని గుణములు. జపాను దేశపు మాజ్డా కంపెనీవారు 1989లో షికాగో నగరపు ప్రదర్శనమున చూపిన ఎం.ఎక్స్.-5 అను రెండు సీట్ల కారు ఈ జాతికి ఆదర్శప్రాయము. దాని యింజను 1.6 లీటర్లది, బరువు టన్నునకు లోపు. బలమున దానిని మించిన కారులు ఆనాడే యెన్నియో కలవు. అయినను 2016 నాటికి ఆ కారులు పది లక్షలు తయారయ్యెను. దానిని నిర్మించినవారు తమ యాశయమును జింబా ఇత్తాయి యను జపాను మాటతో చెప్పుకొనిరి. గుఱ్ఱమును రౌతును ఒక్కటియగుట యని దాని భావము.

మన దేశమున రెండు సీట్ల కారు నిలదొక్కుకొనలేదు. గోవాలో శాన్ మోటార్సు వారు 1990ల చివర స్టార్మ్ అను చిన్న రెండు సీట్ల కారును తయారుచేసిరి. అది కొలదిమందికి ముచ్చటయై మిగిలెనే గాని వాడుకలోనికి రాలేదు. కారణమూహించుట కష్టము గాదు. మన యింట కారనగా అయిదుగురు కూర్చుండునది. తల్లిదండ్రులను ఆసుపత్రికిని, పిల్లలను బడికిని, అందఱిని కలిపి యాదగిరిగుట్టకును తీసికొనిపోవలసినది. వెనుక సీటులేని కారు వంటగదిలేని యిల్లువంటిది. దీనికితోడు పన్నుల లెక్క యొకటి కలదు. 2006 బడ్జెటులో, పొడవు నాలుగు మీటర్లకును పెట్రోలు ఇంజను 1200 ఘనసెంటీమీటర్లకును మించని కారులకు ఎక్సయిజు సుంకమును 24 శాతమునుండి 16 శాతమునకు తగ్గించిరి. చిన్న కారునకు చిన్న పన్నను ఆ పద్ధతి తరువాతి పన్నులలోను నిలిచినది. కావున కంపెనీలవారు వేగపు ముచ్చటను ఆ నాలుగు మీటర్లలోనే యిమిడ్చిరి. ఫోక్స్‌వాగన్ వారు 2013లో పోలో జి.టి. టి.ఎస్.ఐ. అను కారును 1.2 లీటర్ల టర్బో ఇంజనుతో, 105 అశ్వశక్తితో, సుమారు ఎనిమిది లక్షల రూపాయలకు విడుదలచేసిరి. హ్యుందాయ్ వారి ఐ20 ఎన్-లైను 2021లోను, టాటావారి 120 అశ్వశక్తిగల ఆల్ట్రోజ్ రేసరు 2024 జూనులోను వచ్చెను. విడుదలనాటికి ఈ కడపటి దాని ప్రారంభ ధర తొమ్మిదిన్నర లక్షలుగా నుండెను. చూపునకు ఇవియన్నియు ఇంటి కారులే. తలుపులు, వెనుక సీటు, సామాను పెట్టుకొను తావు అన్నియు కలవు. ఇంజను మాత్రము వేఱు. ఇంటివారికి చూపుటకు వెనుక సీటు, తనకు ముందు సీటు. ఒకే రథమున రెండు లెక్కలును కుదిరినవి.

సరే, ఆ వేగమును వినియోగించుటకు చోటేది? నగరవీథులలో చట్టమనుమతించు వేగమును ఎంత సామాన్యపు కారైనను రెండు మూడు గేరులలోనే యందుకొనగలదు. సాయంకాలము తార్నాకనుండి మెట్టుగూడకు పోవు కారునకు నూటయిరువది గుఱ్ఱములెందుకు? రెండు చాలును, అవియు చాలసేపు నిలిచియే యుండును. గమ్యమును త్వరగా చేరుటయే ప్రయోజనమైనచో తలమీద పోవు మెట్రో రైలు ఈ కారునకంటె ముందుగా చేరును; దానికి టిక్కెట్టు ధర కొలది రూపాయలు. కాబట్టి ఈ కారును కొనువాడు త్వరను కొనుటలేదు. త్వర వేఱు, వేగము వేఱు. త్వర గమ్యమునకు సంబంధించినది. వేగము గమనమునకు సంబంధించినది. గమ్యము చేరువఱకు దారిని భరించువాడు త్వరను కోరును. దారినే యనుభవింపగోరువాడు కోరునది మఱియొకటి.

అది ఆడంబరమని కొందఱందురు. ఈ సమాధానమున కొంత సత్యము లేకపోలేదు. ధనికులు వస్తువులను వాడుకకుగాక కనబడుటకు కొందురని అమెరికా దేశపు అర్థశాస్త్రజ్ఞుడు థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రకటించిన గ్రంథమున విస్తరించి చూపెను. మన నగరముననే దానికి నిదర్శనము కలదు. చౌమహల్లా ప్యాలెసునకు పోయినవారు అచట పసుపువన్నెగల 1912 నాటి రోల్సు రాయిసు కారును చూచియుందురు. ఆఱవ నిజాము మహబూబ్ అలీ ఖాను దానికి ఆర్డరు ఇచ్చెను. అది వచ్చునాటికి ఆయన లేడు. అది సింహాసనమునకు చక్రములు తగిలించినట్టిది. దానియందు కూర్చుండువాడు నడుపడు, నడుపువాడు కనబడడు. కనబడుటయే దాని ప్రయోజనము.

ఇప్పుడు మన చిన్న కారును దీనిప్రక్కన నిలిపి చూడుడు. తొమ్మిది పది లక్షల రూపాయలతో నలుగురి కన్నులలో పడవలెనని కోరువానికి ఆ ధరకే ఎత్తైన, వెడల్పైన, జీపువంటి కారులు దొరకుచున్నవి. అపార్టుమెంటు క్రింద నిలిపిన మాత్రముననే అవి యజమానుని హోదాను చాటును. వానిని విడిచి, సామాన్యపు చిన్న కారువలె కనబడు దానిని కొనువాడు కనబడుట కొఱకే కొనెననుట యెట్లు పొసగును? రెండు చారలు గీయించుకొనుటలో అల్పమైన గర్వముండవచ్చును. కాని గర్వము పండునకు తొక్కవంటిది. పండంతయు తొక్కయే యనరాదు.

లోపలి పండేదో తెలిసికొనుటకు మన పురాణకథయొకటి మిక్కిలి తోడ్పడును. నలుడు రాజ్యభ్రష్టుడై, రూపము మాఱి, బాహుకుడను పేరుతో అయోధ్యాపతియగు ఋతుపర్ణునికడ అశ్వశిక్షకుడైయుండెను. దమయంతికి ద్వితీయ స్వయంవరమని వార్త రాగా ఒక్క దినమున విదర్భకు పోవలసివచ్చెను. బాహుకుడు శాలలోనికి పోయి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏఱి తెచ్చెను. రాజు వానిని చూచి, ఇవియా మనలను కొనిపోవునవి యని కోపించెను. బాహుకుడు వాని లక్షణములను వివరించి, పోగలిగినవి యివియేయని చెప్పెను. రథము కదలెను. దారిలో రాజు ఉత్తరీయము జాఱిపడెను. ఆపుమని యడుగుసరికి అది యోజనము దూరమున వెనుకబడియుండెను. రాజ్యము, భార్య, రూపము, పేరు — అన్నియు పోయిన నలునికి ఆ దినమున మిగిలినది యొక్కటి: పగ్గములు పట్టినపుడు గుఱ్ఱముల మనస్సు తన చేతికి తెలియుట. ఆ యొక్కదానియందు అతడు తిరిగి నలుడయ్యెను. దూరముననుండి ఆ రథధ్వని వినిన దమయంతి, ఇది నలుడు తోలు రథమేయని తలచెను.

నా యభిప్రాయమున, అందుబాటు స్పోర్ట్సు కారును కొనువాడు కోరునది యీ బాహుకుని భాగ్యము. అతని జీవితమును చూడుడు. పగలెల్ల తెరముందు కూర్చుండి అంకెలను జరపును. తాను చేసిన పని యెవరికి చేరెనో, మంచిదయ్యెనో కాలేదో తెలియుటకు నెలలు పట్టును. అతని తాత నాగలి పట్టెనేని చాలు తీర్చుటలోని నేర్పు చాలులోనే కనబడెను. కుమ్మరి చేతికి మట్టి వెంటనే బదులు చెప్పును. వీణకు తంతి వెంటనే బదులు చెప్పును. నేటి యుద్యోగికి చేతితో చేసినది చేతికి బదులుచెప్పు పని యేదియు మిగులలేదు. కారునందు మాత్రము గేరు సరిగా మార్చినచో ఇంజను మృదువుగా పలుకును. తప్పుగా మార్చినచో కుదిపి మందలించును. తప్పొప్పులు ఆ క్షణముననే తేలును. ఆ యరగంటసేపు అతడు ఉద్యోగి కాడు, సారథి. పెద్ద బలమక్కఱలేకుండ, పెద్ద వేగమక్కఱలేకుండ ఈ యనుభవమునిచ్చుటయే లఘురథమునకుగల గొప్పతనము. బక్కగుఱ్ఱములను ఏఱినవాడు గుఱ్ఱములెఱిగినవాడు.

ఇది దోషమా? కాదని నిస్సంశయముగా చెప్పెదను. మన పూర్వులు పురుషార్థములను లెక్కించునపుడు కామమును విడిచిపెట్టలేదు. ధర్మార్థములప్రక్కన దానికిని పీట వేసిరి. సాదాజీవితమును స్వయముగా వరించిన మహనీయులకు నమస్కారము. కాని వారి నియమమును గృహస్థుల నెత్తిన రుద్ది, ప్రతి సంతోషమును పాపమనిపించుట సంస్కారము గాదు. అట్లు చేసిన యిండ్లలో సంతోషము నశింపదు, మాఱువేషము వేసికొనును.

ఈ మాఱువేషమే నేను చెప్పదలచిన యసలు విషయము. మన యింట కుమారుడు కారు కొనదలచినపుడు జరుగు సంభాషణను స్మరింపుడు. మైలేజీ యెంత యిచ్చునని తండ్రి యడుగును. వెనుక నేను కాళ్ళు చాపుకొనగలనా యని తల్లి యడుగును. కుమారుడు మైలేజీని కొంచెము పెంచి చెప్పును. టర్బో ఇంజను ఘాటురోడ్లకు మంచిదని చెప్పును. గట్టి కారు గనుక ప్రాణరక్షణమని చెప్పును. తిరిగి అమ్మినపుడు మంచి ధర వచ్చునని చెప్పును. "నాన్నా, నిన్ను ఆసుపత్రికి తీసికొనిపోవుటకే" యనునంత వఱకు పోవును. ఇంత చెప్పియు నొక్క మాట చెప్పడు: నాకు నడుపుట యిష్టము. ఆ మాట చెప్పుటకు నోరు రాదు. మన యిండ్లలో అవసరమునకు గౌరవము కలదు, ఇష్టమునకు లేదు. చిన్ననాడు పిల్లవాడు రంగుపెన్సిళ్ళు కావలెనన్నచో ఎందుకని యడుగుదుము. ఇష్టమని చెప్పినచో కొనియీయము, బడిలో తెమ్మనిరని చెప్పినచో కొనియిత్తుము. ఆ పాఠము వాడు మఱవడు. ఇరువదియేండ్ల తరువాత కారుల దుకాణమున దానినే యప్పగించును.

ఇందు నష్టమేమని కొందఱడుగవచ్చును. అల్పమైన బొంకే గదా, ఎవరికి హాని? హాని కలదు, అది చిన్నది గాదు. ఇష్టమని ఒప్పుకొన్న కోరికను తూచవచ్చును. ఇంత యాదాయములో నా ముచ్చటకింత యని యొకడు చెప్పినచో, ఇల్లంతయు కూర్చుండి ఆ ముచ్చటను చెల్లెలి చదువు ప్రక్కన, తండ్రి మోకాటి శస్త్రచికిత్స ప్రక్కన పెట్టి చూడవచ్చును. ఈ యేడు కాదు, వచ్చు నేడు కొందమని నిర్ణయింపవచ్చును. అవసరమని వేషము వేసికొనివచ్చిన కోరికను తూచు తరాజు లేదు. అది మందుల వరుసలో వచ్చి కూర్చుండును, మందులకు బేరమాడువారెవరు? చెప్పుకొన్న సంతోషమునకు హద్దుండును. దాచిన సంతోషమునకు హద్దుండదు. అంతేకాక, ఇతరులకు చెప్పు బొంకును మనుష్యుడు కొలదికాలమునకే తానును నమ్మును. తన కోరికను తానెఱుగనివాడు దానిని తృప్తిపఱుపజాలడు. ఈ కారు చాలదని యింకొకదానిని, అదియు చాలదని వేఱొకదానిని కొనుచు, ప్రతిసారియు అవసరమేయని ప్రమాణము చేయుచుండును.

ఈ యసత్యమువలన అన్నిటికంటె నెక్కువగా నష్టపోవువారు స్త్రీలు. పురుషుడు తన యిష్టమును అవసరముగా మార్చుకొని నెఱవేర్చుకొనును. అతడు సంపాదించువాడు గనుక ఆ మార్పును ప్రశ్నించువారుండరు. అతని భార్యయు సంపాదించుచుండవచ్చును. తార్నాక బస్సుస్టాపున ఉదయము నిలుచువారిలో ఉద్యోగినులెందఱో కలరు. ఆమెకు సంగీతము నేర్చుకొనవలెనని యుండవచ్చును. ఒంటరిగా ప్రయాణము చేయవలెననియుండవచ్చును. అదే కారును తానును నడుపవలెనని యుండవచ్చును. కాని తన యిష్టమును అవసరముగా చిత్రించు నేర్పు ఆమెకు మప్పబడలేదు. తన యవసరమును సైతము ఇష్టముగా భావించి మానుకొను నేర్పే మప్పబడినది. కుమారుడు వేగపు కారు కొనినచో సరదా యందురు. కుమార్తె కొనినచో దుబారా యందురు. రథమొక్కటియే, పగ్గములు పట్టిన చేయి వేఱైనంతనే పేరు మాఱుటకు కారణమేమి? ఇంటిలో ఒకరి ఇష్టము నిజరూపముతో బల్లమీదికి వచ్చిననే రెండవవారి యిష్టమునకు చోటు దొరకును. నాకిది యిష్టమని చెప్పగలిగిన భర్త, నీకేది యిష్టమని భార్యనడుగుటకును నేర్చును. మొదటి వాక్యము రాని నోట రెండవ వాక్యము రాదు.

హద్దుల విషయమిప్పుడు చెప్పవచ్చును. మొదటి హద్దు ధనమునకు సంబంధించినది. అందుబాటు ధర యను మాట మనలను మోసపుచ్చుచున్నది. ధర అందుబాటులోనున్నదా లేదా యని చెప్పవలసినది కంపెనీ కాదు, బ్యాంకు కాదు. నెలవాయిదా కట్టగలుగుట అందుబాటు గాదు. ఆ వాయిదా కట్టిన తరువాత ఇంటిలో ఎవరిదేని కొఱత పడెనా యని చూడవలెను. యయాతి మహారాజు కథ మనమెఱుగుదుము. అకాలవార్ధక్యము ప్రాప్తింపగా అతడు భోగేచ్ఛ తీరక కుమారులను యౌవనమడిగెను. పూరుడు తన యౌవనమునిచ్చి తండ్రి ముసలితనమును దాల్చెను. యయాతి చేసిన తప్పు భోగించుట కాదు. తన భోగమునకు వెల కుమారునిచేత కట్టించుట. పూరుడు సంతోషముతోనే యిచ్చెననుట సమాధానము గాదు. మన యిండ్లలో తల్లులు, చెల్లెండ్రు, భార్యలు అట్లే సంతోషముతో ఇచ్చుచున్నారు. ఎవని సంతోషమునకు వెల వాడే కట్టుకొనుట మొదటి నియమము.

రెండవ హద్దు వీథికి సంబంధించినది. కేంద్ర రవాణాశాఖవారి లెక్కప్రకారము 2022లో మన దేశపు రోడ్లమీద మరణించినవారు 1,68,491 మంది. ఆ మరణములలో నూటికి డెబ్బదికి పైగా అతివేగమువలన కలిగినవని యా లెక్కయే చెప్పుచున్నది. ఈ సంఖ్యను చదివిన తరువాత వేగమును గూర్చి తేలికగా మాటలాడుటకు మనసొప్పదు. ఇందు యువకులు యయాతికంటె నెక్కువ తప్పు చేయుచున్నారు. యయాతి వెలను అడిగి తీసికొనెను. రోడ్డుమీద అతివేగముగా పోవువాడు ఎదుటివానినడుగకయే అతని యాయువును పణముగా పెట్టుచున్నాడు.

తార్నాకనుండి దక్షిణముగా తిరిగినచో విశ్వవిద్యాలయపు దారి. 1918లో ప్రారంభమైన యీ విద్యాపీఠము వేయి యెకరములకు పైబడిన నేలను ఆక్రమించియున్నది. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కాలేజీ భవనము గులాబివన్నె రాతితో ఉదయపుటెండలో వెలుగుచుండును. కూడలిలోని రద్దీ ముగిసి, ఇరుప్రక్కల చెట్లు కనబడి, రోడ్డు విశాలమగును. అంతవఱకు బిగపట్టిన పాదమునకు స్వేచ్ఛ దొరకినట్లు తోచును. వేగరథము గలవానికి ధర్మపరీక్ష సరిగా నిచటనే. ఏలయన, ఆ దారిలోనే వృద్ధులు ఉదయము నడచుచుందురు. హాస్టళ్ళలోని విద్యార్థులు పుస్తకములు చంకనిడుకొని గ్రంథాలయమునకు పోవుచుందురు. పోటీ పరీక్షలకు చదువుకొను పల్లెటూరి పిల్లలు తాము చదివిన దానిని తలచుకొనుచు, దారి చూడకయే దారి దాటుచుందురు.

కాళిదాసుని శాకుంతలమున ప్రథమాంకము తెఱచి చూడుడు. దుష్యంతుడు లేడిని తఱుముచు రథవేగమునందు మైమఱచియుండును. ఆ వేగమునకు కంటిముందరి వస్తువుల రూపములెట్లు మాఱునో కవి మనోహరముగా వర్ణించెను. కవి వేగమును ద్వేషింపలేదు. కాని మునులు చేతులెత్తి నిలువుమనగానే రాజు పగ్గములు పట్టించెను. తరువాత ఆశ్రమము చేరువయగుటను గుర్తించి, ఇచటివారికి ఇబ్బంది కలుగరాదని రథము నాపించి, దిగి, ఆభరణములను విల్లును సూతునికిచ్చి, వినీతవేషముతో కాలినడకన లోపల ప్రవేశించెను. చక్రవర్తికి అడ్డుచెప్పువాడచట లేడు. ఏ గొలుసును అడ్డముగా కట్టలేదు. అయినను విద్యాస్థానమునకు ఎల్లయొకటి కలదని అతని మనస్సే చెప్పెను. వేగమును అనుభవించుటకును దానిని విడుచుటకును సమర్థుడగుటయే అతని రాజత్వము. మన విద్యాపీఠపు ద్వారమున వేగమును తగ్గింపలేని యువకుడు సారథి కాడు. రథమే అతనిని తోలుచున్నది. దేహము రథము, బుద్ధి సారథి, మనస్సు పగ్గములు, ఇంద్రియములు గుఱ్ఱములని కఠోపనిషత్తు చెప్పిన పోలికకు ఇంతకంటె ప్రత్యక్షమైన వ్యాఖ్యానము దొరకదు.

సైలెన్సరును తీసి, మార్చి, ధ్వనిని పెంచువారిని గూర్చియు నొకమాట. రథధ్వనిని విని దమయంతి నలుని తలచెనన్న మాట నిజమే. ఆమె గుర్తించినది నేర్పుయొక్క ధ్వనిని. ఆసుపత్రి గోడప్రక్కనుండి అర్ధరాత్రి పిడుగులు కురిపించుచు పోవువాని ధ్వనిలో నేర్పు లేదు. నన్ను చూడుడను మొఱ మాత్రమే కలదు. వేగమునందలి సంతోషము నిజమైనచో దానికి సాక్షులక్కఱలేదు. చూచువారెవ్వరు లేని దారిలోను నీవీ కారును ఇట్లే కోరుదువా యని తన్ను తానడిగికొనుట మంచి పరీక్ష. కోరుదునని మనస్సు చెప్పినచో ఆ కోరిక ఆరోగ్యకరమైనది. కోరనని చెప్పినచో అతడు కొనుచున్నది కారును గాదు, ఇతరుల కన్నులను. అవి యే ధరకును నిలుకడగా దొరకవు.

కావున, వేగరథమును కొనదలచిన గృహస్థు మొదట ఇంటిలో అందఱిని కూర్చుండబెట్టి, తన కోరికను దాని నిజమైన పేరుతో చెప్పవలెను. మైలేజీని పెంచి చెప్పనక్కఱలేదు; తండ్రి మోకాళ్ళను సాక్ష్యమునకు పిలువనక్కఱలేదు. ఇంత వెల, ఇంత వాయిదా, నాకు నడుపుట యిష్టము — అని చెప్పిన చాలును. ఇల్లు కాదనినచో ఓర్చుకొనవలెను. ఔననినచో సిగ్గుపడక సంతోషింపవలెను. తాళపుచెవి ఇంటిలో నడుపనేర్చిన వారందఱికిని అందు తావున వ్రేలాడవలెను. పెద్దలమైన మనము చేయవలసిన పనియు కలదు. కుమారుడు గాని కుమార్తె గాని కోడలు గాని వచ్చి నాకిది యిష్టమని చెప్పినపుడు, ఎందుకని వెంటనే నిలదీయక, ఎంతయని నెమ్మదిగా అడుగుట నేర్చుకొందము. ఆ యొక్క ప్రశ్న మారినచో మన యిండ్లలో అనేక చిన్న బొంకులు అక్కఱలేక పోవును. వానితో పాటు కొన్ని పెద్ద యప్పులును పోవును.